మంచి సైకియాట్రిస్టు అంటే మళ్లీ వెళ్లగలిగే సైకియాట్రిస్టు

మీరు రాసినదాన్ని నాకు అర్థమైన మేరకు ముందు ఒకసారి చెబుతాను. మీ తమ్ముడికి 24 ఏళ్లు. ఇంజినీరింగ్ అయ్యాక గ్రూప్స్‌కు చదువుతున్నాడు. ఐదు నెలలుగా గది దాటి రావడం లేదు. రాత్రంతా మేలుకుని ఉంటాడు. కిటికీ సందులకు పాత పేపర్లు అతికించాడు. ఫోనులోంచి ఎవరో తనను గమనిస్తున్నారని దాన్ని బియ్యం డబ్బాలో దాచాడు. నాన్నగారు తాయెత్తు కట్టించారు. తగ్గకపోతే నరాల డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లారు. ఆయన ఎం.ఆర్.ఐ. తీయించి, అందులో ఏమీ లేదని చెప్పి, సైకియాట్రిస్టుకు చూపించమని చీటీ రాసి ఇచ్చారు. ఆ చీటీ మూడు వారాలుగా దేవుడి గూట్లో ఉంది. మత్తుమందులిచ్చి పిల్లవాణ్ని మొద్దులా చేస్తారని, రేపు పిల్లనెవరిస్తారని అమ్మగారు ఒప్పుకోవడం లేదు. మంచి సైకియాట్రిస్టును ఎలా వెతకాలి, అసలు వాళ్లు చేసేదేమిటి అని మీ ప్రశ్న.

నేను 22 ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాను. మొదట ప్రభుత్వ ఆసుపత్రిలో, ఇప్పుడు కోస్తాలో ఒక జిల్లా కేంద్రంలో. క్లినిక్‌లో డాక్టరమ్మా అని నోరారా పిలిచేవాళ్లు పెళ్లిళ్లలో ఎదురుపడితే నన్ను ఎరగనట్టు తల తిప్పుకుంటారు. వాళ్ల ఇబ్బంది నాకు తెలుసు కాబట్టి నేనూ అటే చూస్తాను.

మీ తమ్ముడికి ఏమైందో ఇక్కడ చెప్పను. మనిషిని చూడకుండా రోగం పేరు చెప్పేవాళ్లు మన ఊళ్లలో ఇప్పటికే చాలామంది ఉన్నారు. కానీ ఐదు నెలలు చిన్న కాలం కాదు. ఇలాంటి లక్షణాలకు వైద్యం ఎంత తొందరగా మొదలైతే కోలుకోవడం అంత సులువు. అది మాత్రం గట్టిగా చెప్పగలను.

ఎం.ఆర్.ఐ. బాగుంది కదా, ఇంకా రోగమేమిటి అని మీ నాన్నగారు అడిగారట. న్యాయమైన ప్రశ్నే. పక్షవాతం, గడ్డ, మెదడులో రక్తస్రావం లాంటివి స్కానింగులో కనిపిస్తాయి. అవి, మూర్ఛ, తలనొప్పులు నరాల డాక్టరు చూసేవి. ఆలోచన, నమ్మకం, భయం, నిద్ర గాడి తప్పడం స్కానింగులో కనిపించదు. ఇంటి ఫోటో చూసి ఆ ఇంట్లో ఎవరికి ఎవరితో మాటల్లేవో చెప్పలేం కదా, అలాగన్నమాట. ఆ ఫోటో తీయడం వృథా కాలేదు, గోడ పగలలేదని తేలింది. ఆ డాక్టరు తన పని సరిగ్గా చేశారు, చీటీ కూడా సరైన చోటికే రాశారు.

ఇక సైకియాట్రిస్టు చేసేదేమిటి? చాలావరకు అడగడం, చూడడం, మళ్లీ కొన్నాళ్లకు అడగడం, మళ్లీ చూడడం. మందు రాయడం ఆఖరి ఐదు నిమిషాల పని.

ఒక సంగతి చెబుతాను, గుర్తుపట్టే వివరాలు మార్చాను. కొన్నేళ్ల కిందట ఒక కుర్రాడు మోటారు సైకిలు మీద అన్న వెనక కూర్చుని వచ్చాడు. లోపలికి వచ్చాక కూడా హెల్మెట్ తీయలేదు. అన్నకు తల కొట్టేసినట్టయింది, తీయరా తీయరా అని గొణుగుతున్నాడు. ఫర్వాలేదు, ఉండనివ్వండి అన్నాను. ఎండలో వచ్చారు, మంచినీళ్లు తాగుతారా అని అడిగాను. తాగడానికి ముందు అద్దం కొంచెం పైకెత్తాడు. అప్పుడు కళ్లు కనిపించాయి. నాలుగు రోజులుగా నిద్ర లేని కళ్లు. రాత్రి ఎన్నింటికి పడుకుంటున్నారు, పడుకున్నాక వెంటనే పడుతుందా, తెల్లారుజామున మెలకువ వస్తోందా అని అడుగుతూ పోయాను. నిద్ర గురించి చెప్పడానికి ఎవరికీ సిగ్గు ఉండదు, అందుకే నేను ఎప్పుడూ అక్కడే మొదలుపెడతాను. పదిహేను నిమిషాల తర్వాత అన్నను బయట కూర్చోమన్నాను. అప్పుడు హెల్మెట్ సంగతి తనే చెప్పాడు. అది లేకపోతే తను లోపల అనుకునేవి వీధిలో వాళ్లకు వినిపిస్తాయట. నేను అవుననలేదు, కాదనలేదు. మరి అలా ఉంటే చాలా అలసటగా ఉంటుంది కదా అన్నాను. ఏడ్చాడు. మూడోసారి వచ్చినప్పుడు హెల్మెట్ ఒళ్లో ఉంది. ఆరోసారి బండికి తగిలించి వచ్చాడు.

మా పరీక్ష అంటే ఇదే. మనిషి ఎలా కూర్చున్నాడు, మాట వరసగా ఉందా, ఒక విషయం మీంచి ఇంకోదాని మీదకు గెంతుతోందా, ముఖంలో మాటకు తగ్గ భావం ఉందా, చెవిలో ఎవరివైనా మాటలు వినిపిస్తున్నాయా, చనిపోవాలనే ఆలోచన వస్తోందా. ఆ చివరిది తప్పకుండా అడుగుతాం. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందేమోనని ఇంట్లోవాళ్లు భయపడతారు. పుట్టదు. ఇన్నాళ్లకు ఒకరు అడిగారని చాలామంది ఊపిరి పీల్చుకుంటారు. మీరు ఇంట్లో అడిగినా తప్పు లేదు.

మేం ముందు ఎం.బి.బి.ఎస్. చదివిన డాక్టర్లం, ఆ తర్వాతే సైకియాట్రిస్టులం. ఈ మాట జనానికి గుర్తుండదు. అందుకే థైరాయిడ్, చక్కెర, రక్తహీనత, బి12 పరీక్షలు రాస్తే, మనసు రోగానికి రక్తపరీక్ష ఎందుకని మొహం చిట్లిస్తారు. ఒకసారి 68 ఏళ్ల పెద్దావిడను తీసుకొచ్చారు. రెండు రోజుల నుంచి చనిపోయిన భర్తతో మాట్లాడుతోంది, రాత్రిళ్లు మంచం దిగి వంటింట్లో తిరుగుతోంది. గాలి సోకిందని ఒకరు, మతి చలించిందని ఒకరు. రక్తంలో సోడియం బాగా పడిపోయింది, అంతే. బీపీ మాత్రల్లో ఒకదానివల్ల. జనరల్ మెడిసిన్ వార్డుకు పంపాను. నాలుగు రోజుల్లో మామూలు మనిషై, మనవడిని తిడుతూ ఇంటికి వెళ్లింది. ఆవిడకు నేను ఒక్క మాత్ర కూడా రాయలేదు. అలాగే తెలంగాణలో పనిచేసే మా మిత్రులను అడగండి: కల్తీ కల్లు అలవాటైనవాళ్లకు అది దొరకని రోజున చేతులు వణికి, లేనివి కనిపించి, ఫిట్స్ వచ్చి వార్డులు నిండిపోతాయి. అదీ మా పనే. మద్యం మాన్పించడం, కాన్పయిన వారం రెండు వారాల్లో తల్లికి మతి తప్పడం, చదువులో పిల్లవాడు నిలవలేకపోవడం, ముసలివాళ్ల మతిమరుపు, అన్నీ మా దగ్గరికి వస్తాయి. పిచ్చి డాక్టరు అన్న పేరు మాత్రం అన్నింటికీ కలిపి ఒకటే.

మొదటి రోజు చీటీ మీద రోగం పేరు పక్కన ప్రశ్న గుర్తు కనిపిస్తే, ఈవిడకేమీ తెలియదని అనుకోకండి. కొన్ని రోగాలకు పేరు పెట్టాలంటే కాలం గడవాలి. ఐదు నెలల కింద మొదలైనది దిగులుతో కూడినదా, హుషారు ఎక్కువై దిగినదా, గంజాయి లాంటిది తోడైందా, స్కిజోఫ్రెనియా (లేని మాటలు వినిపించడం, లేనివి గట్టిగా నమ్మడం చాలాకాలం సాగే జబ్బు) దారి పడుతోందా అన్నది కొన్ని వారాలు, నెలలు చూస్తే గాని తేలదు. మొదటి పది నిమిషాల్లోనే పేరు ఖాయం చేసి, జీవితాంతం మందులే అని తీర్పు చెప్పే డాక్టరును చూస్తే నాకు జంకు.

ఇప్పుడు అమ్మగారి భయం. దాన్ని కొట్టిపారేయను, సగం నిజమే కాబట్టి. ఇలాంటి లక్షణాలకు రాసే రిస్పెరిడోన్, ఓలాంజపిన్ లాంటి మందులతో మొదటి వారం మబ్బుగా ఉండడం మామూలే. కొందరికి చేతులు వణుకుతాయి, నడక బిగుసుకుంటుంది. ఓలాంజపిన్‌తో ఆకలి పెరిగి ఒళ్లు వస్తుంది, చక్కెర కూడా పెరగవచ్చు. అందుకే మొదలుపెట్టే రోజే బరువు తూచి, చక్కెర చూసుకుని, తర్వాతా చూస్తూ ఉండాలి. ఇంకొకటి ఉంది, ఎక్కువ మంది డాక్టర్లు తొందరలో చెప్పడం మరిచిపోయేది. మందు మొదలుపెట్టిన కొద్ది రోజుల్లో, ముఖ్యంగా కుర్రవాళ్లకు, మెడ ఒక పక్కకు లాక్కుపోవడం, దవడ బిగుసుకోవడం, కనుగుడ్లు పైకి వెళ్లిపోవడం జరగవచ్చు. చూసేవాళ్లకు ప్రాణాలు పోతాయి. ఒక ఇంజెక్షనుతో సాధారణంగా అరగంటలో సర్దుకుంటుంది, చాలా ఆసుపత్రుల్లో చేస్తారు. ముందే చెప్పి ఉంటే ఇంట్లోవాళ్లు ఆటో ఎక్కించి తీసుకెళ్తారు. చెప్పకపోతే ఆ రాత్రితో ఆ మందుకూ ఆ డాక్టరుకూ దండం పెట్టేస్తారు. వైద్యం అక్కడ తెగిపోయినవాళ్లను నేను చాలామందిని చూశాను.

మొద్దుగా అయిపోవడం అన్నది నెల దాటినా అలాగే ఉంటే, మోతాదో మందో మార్చాలని అర్థం. ఆ మాట చెప్పడానికే రెండోసారి వెళ్లాలి. ఇవి అలవాటు పడిపోయే మందులు కావు. అలవాటు పడేవి ఆల్ప్రజోలం, క్లోనజెపాం లాంటి నిద్ర, గాభరా మాత్రలు. వాటిని మందుల షాపులో చీటీ లేకుండా అడిగి తెచ్చుకుని ఏళ్ల తరబడి వేసుకునేవాళ్లే, సైకియాట్రిస్టు మందులంటే వ్యసనమని నాకు హితవు చెబుతుంటారు!

తగ్గగానే మానేయడం అందరూ చేసే తప్పు. మొదటిసారి ఇలా వచ్చినప్పుడు కుదుటపడ్డాక కూడా ఏడాది, రెండేళ్లు మందు నడవాలని సాధారణంగా చెబుతాం. ఆపేటప్పుడు డాక్టరు చూస్తుండగా మెల్లగా దించాలి.

షాక్ చికిత్స గురించి మీరు అడగలేదు, కాని అమ్మగారి మనసులో అది ఉండే ఉంటుంది. సినిమాల్లో చూపించినట్టు కట్టేసి ఇవ్వరు. మత్తు ఇచ్చి, కండరాలు సడలించే మందు ఇచ్చి చేస్తారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం అవి లేకుండా చేయడం నిషేధం. తిండి నీళ్లు మానేసేంత దిగులుకు, కదలకుండా బొమ్మలా బిగుసుకుపోయే స్థితికి అది మంచి వైద్యం. మీ తమ్ముడికి అది కావాలని నేననడం లేదు.

వెతకడం సంగతికి వద్దాం. బోర్డు చూసి మోసపోకండి. పేరు కింద ఎం.డి. సైకియాట్రీ, డి.ఎన్.బి. సైకియాట్రీ, డి.పి.ఎం. వీటిలో ఒకటి ఉండాలి. రాష్ట్ర వైద్య మండలి రిజిస్ట్రేషన్ నంబరు మందుల చీటీ మీదే ఉంటుంది. సైకాలజిస్టు వేరు. క్లినికల్ సైకాలజిస్టు అయితే ఎం.ఫిల్. లాంటి చదువు, భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ ఉంటాయి. మాటలతో చేసే చికిత్స, పరీక్షలు వాళ్ల విద్య, మందులు రాయరు. దిగులు, గాభరా, చేసిందే మళ్లీ మళ్లీ చేసే చాదస్తం లాంటి వాటిలో వాళ్ల పాత్ర చాలా పెద్దది. మీ తమ్ముడి విషయంలో మాత్రం మొదటి గుమ్మం సైకియాట్రిస్టుదే. ఆ తర్వాత ఇద్దరూ కావాలి. ఇక మూడు వారాల కోర్సు చేసి కౌన్సెలర్ అని బోర్డు పెట్టినవాళ్లున్నారు. వాళ్లలో మంచి మనసున్నవాళ్లు లేకపోలేదు, కాని ఈ పని వాళ్లది కాదు.

ఎక్కడ? హైదరాబాదులో ఎర్రగడ్డ, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక ఆసుపత్రి, బెంగళూరులో కేంద్ర ప్రభుత్వ మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ అందరికీ తెలిసిన పేర్లు. ఎర్రగడ్డ అన్న ఊరి పేరునే తిట్టుగా మార్చుకున్న జాతి మనది. అక్కడి ఓపీలో ఉదయం నిలబడి చూడండి, వరసలో ఉన్నవాళ్లలో ఎక్కువ మంది మనలాగే టిఫిన్ డబ్బా, నీళ్ల సీసా పట్టుకుని వచ్చినవాళ్లే. కాని మొదటిసారికి అంత దూరం అవసరం లేదు. ప్రభుత్వ వైద్య కళాశాల ఉన్న ప్రతి బోధనాసుపత్రిలో సైకియాట్రీ విభాగం ఉంటుంది, ఓపీ చీటీతో చూపించుకోవచ్చు, మందులూ ఇస్తారు. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం దేశంలో 1996లో మొదలైనప్పుడు తొలి నాలుగు జిల్లాల్లో మన మెదక్ ఒకటి. ఇప్పుడు చాలా జిల్లాల్లో అది నడుస్తోంది, జిల్లా ఆసుపత్రిలో అడగండి. చూసిన రాష్ట్రాల్లో ఒక్క కేరళలో తప్ప లక్ష మందికి ఒక్క సైకియాట్రిస్టు కూడా లేరని 2015-16లో నిమ్హాన్స్ చేసిన జాతీయ సర్వే తేల్చింది. ఆ ఉన్నవాళ్లు కూడా పట్టణాల్లోనే పోగుపడ్డారు.

మీరు అడిగిన 'మంచి' అన్న మాట దగ్గర నా అభిప్రాయం కొంచెం వేరు. మీవాళ్లు అప్పుచేసి బెంగళూరో హైదరాబాదో తీసుకువెళ్లి, పేరున్న పెద్దాయనకు ఒకసారి చూపించి, మూడు నెలల మందులు సంచిలో వేసుకుని వచ్చి, మెడ లాక్కుపోయిన రాత్రి ఎవరిని అడగాలో తెలియక మానేయడం కంటే, బస్సులో గంట దూరంలో ఉన్న మామూలు డాక్టరు దగ్గరికి పదిహేను రోజులకోసారి వెళ్లగలగడం ఎంతో మేలు. ఈ వైద్యంలో ఫలితం మొదటి చీటీలో ఉండదు, నాలుగో చీటీలో ఉంటుంది. తిరుగు ప్రయాణం చార్జీ, సెలవు, కూడా వచ్చే మనిషి, ఇవన్నీ లెక్క వేసుకుని డాక్టరును ఎంచుకోండి. మధ్యలో ఫోనులోనో వీడియోలోనో మాట్లాడే వీలుందా అని అడగండి. 2020 నుంచి దానికి దేశవ్యాప్తంగా నిబంధనలున్నాయి, అది చాటుమాటు వైద్యమేమీ కాదు.

మొదటి రోజు అరగంటైనా ఇస్తున్నారా, మనిషితో విడిగా మాట్లాడారా, మందుతో వచ్చే ఇబ్బందులు చెప్పారా, మీరు అడిగితే విసుక్కున్నారా, ఇవి చూడండి. ప్రభుత్వ ఓపీలో అరగంట దొరక్కపోవచ్చు, అక్కడ జూనియర్ డాక్టరు వివరాలన్నీ రాసుకుంటారు, అది కూడా పరీక్షలో భాగమే. రెండు నెలల తర్వాత కూడా ఏ మార్పూ లేక, ఎందుకని అడిగితే జవాబూ లేకపోతే ఇంకొకరి అభిప్రాయం తీసుకోండి. పాత చీటీలన్నీ తీసుకుని వెళ్లండి, దాచకండి. పది రోజులకోసారి డాక్టరును మార్చడం మాత్రం వద్దు.

అసలు చిక్కు అతన్ని తీసుకువెళ్లడం. పెళ్లికని చెప్పి కారెక్కించి క్లినిక్ ముందు దింపేవాళ్లున్నారు. ఎవరో తన మీద పన్నాగం పన్నుతున్నారని నమ్ముతున్న మనిషికి మీరు అప్పుడు నిజంగానే పన్నాగం పన్నినట్టు! అలాగే కాఫీలో, పప్పులో మాత్ర నూరి కలపడం. ఒక తల్లి ఏడాది పాటు కొడుక్కి పెరుగన్నంలో కలిపి పెట్టింది, గిన్నె అడుగున తెల్ల పొడి కనిపించిన రోజు నుంచి అతను ఇంట్లో అన్నం ముట్టలేదు. బయట అరటిపళ్లు కొనుక్కుని, తొక్క తనే ఒలుచుకుని తినేవాడు. ఆ నమ్మకం తిరిగి తెచ్చుకోవడానికి మాకు మందు కంటే ఎక్కువ కాలం పట్టింది.

నీకు పిచ్చి అని చెప్పి ఎవరినీ తీసుకురాలేం. తనకు బాధ కలిగిస్తున్నదేమిటో దాని పేరు చెప్పండి. నిద్ర పట్టడం లేదు కదా, చదివింది నిలవడం లేదు కదా, దానికోసం ఒక డాక్టరును కలుద్దాం అనండి. నిన్నెవరూ గమనించడం లేదురా అని వాదించకండి, గమనిస్తున్నారని ఒప్పుకోకండి. రానంటే ముందు మీరొక్కరే వెళ్లండి. మనిషి లేకుండా పూర్తి వైద్యం చేయలేరు గాని, చాలామంది సైకియాట్రిస్టులు ఇంట్లోవాళ్ల మాట విని, ఎలా మాట్లాడాలో, ఎలా తీసుకురావాలో చెబుతారు. వెళ్లేముందు ఒక కాగితం మీద ఏ నెలలో ఏం మొదలైందో, నిద్ర, తిండి, మాట ఎలా మారాయో, ఇంట్లో మరెవరికైనా ఇలాంటిది వచ్చిందా అన్నది రాసుకోండి. మేనమామ ఒకాయన ఇల్లు వదిలి వెళ్లిపోయాడన్న సంగతి సాధారణంగా నాలుగోసారి గాని బయటికి రాదు.

అతను చనిపోతానంటే, ఎవరి మీదకైనా వెళ్తే, తిండి నీళ్లు పూర్తిగా మానేస్తే ఈ సలహాలన్నీ పక్కన పెట్టి అదే రోజు ఆసుపత్రికి తీసుకువెళ్లండి, 108కి ఫోను చేయండి. ఎటూ తోచకపోతే 14416కు చేయండి. అది 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్, ఉచితం, ఏ వేళైనా తెలుగులో మాట్లాడతారు. అతను ఒప్పుకోని పరిస్థితిలో చేర్చుకోవాల్సి వస్తే చట్టంలో దానికో పద్ధతి ఉంది. అతని తరఫున ప్రతినిధి దరఖాస్తు ఇవ్వాలి, ఇద్దరు నిపుణులు విడివిడిగా చూసి ఒప్పుకోవాలి, మొదట 30 రోజులకు మించి ఉంచకూడదు. గొలుసులతో కట్టడం ఎక్కడైనా నేరమే. 2001 ఆగస్టులో తమిళనాడులోని ఎర్వాడిలో గొలుసులతో కట్టి ఉంచిన 28 మంది అగ్నిప్రమాదంలో కదలలేక చనిపోయారు. బాగవుతారని వాళ్లను అక్కడికి తెచ్చి వదిలినవాళ్లు ఇంట్లోవాళ్లే.

పెళ్లి గురించి అమ్మగారికి నా మాటగా చెప్పండి. సైకియాట్రిస్టు రోగి వివరాలు బయటపెట్టకూడదు, అది చట్టం. పెళ్లి చేస్తే తగ్గుతుందన్నది ఒట్టి మాట, దాచి చేసిన పెళ్లిళ్లు కోర్టు గుమ్మం ఎక్కడం నేను చూశాను. గది తలుపు వేసుకుని కూర్చున్న కొడుకు కంటే, మాత్ర వేసుకుని ఉద్యోగానికి వెళ్లే కొడుకుకే సంబంధం వస్తుంది. నా పాత రోగుల్లో బ్యాంకు ఉద్యోగులున్నారు, టీచర్లున్నారు, మిర్చి వ్యాపారి ఒకాయన నాకు ప్రతి సంక్రాంతికీ అరిసెలు పంపుతాడు, పంపినవాడి పేరు రాయకుండా.

అన్నట్టు, ఆరోగ్య బీమా ఉంటే పత్రాలు తీసి చూడండి. ఒంటి జబ్బులకు ఎలా ఇస్తారో మానసిక జబ్బులకూ అలాగే బీమా ఇవ్వాలని 2017 చట్టం చెబుతోంది.

దేవుడి గూట్లో ఉన్న చీటీ తీయండి. వచ్చే సోమవారమే వెళ్లండి, ఓపీ ఉంటుంది. మీరొక్కరే వెళ్లినా సరే, అమ్మగారు వస్తానంటే మరీ మంచిది, ఆవిడ భయాలు ఆవిడే డాక్టరును అడుగుతారు. చీటీ మీద తేదీ పాతదైందని సంకోచించకండి, దాన్ని ఎవరూ పట్టించుకోరు.